బచింత్ కౌర్ తందూరు

మా ఊరు కోట్ లాలోవాల్‌లో పంచుకు తినడం గురించి బచింత్ కౌర్ అంత బాగా చెప్పేవాళ్లు లేరు. ఆదివారం పొద్దున్నే గురుద్వారాలో పిల్లల్ని వరసగా కూర్చోబెట్టి, "ఒళ్లు వంచి సంపాదించాలి, వాహెగురుని తలుచుకోవాలి, పదిమందికి పెట్టి తినాలి" అని మూడు వేళ్లూ చూపిస్తూ చెప్పేది. మూడో వేలి దగ్గరికి వచ్చేసరికి ఆవిడ కళ్లు చెమర్చేవి. అక్కడి ఉచిత భోజనశాల లంగరులో వడ్డన నేర్పిందీ ఆవిడే. పంక్తిలో కూర్చున్నది ఎవరని చూడకూడదు. పెట్టేవాళ్లు ఆఖర్న తినాలి. రొట్టె ఎవరిచ్చినా రెండు చేతులూ పట్టి తీసుకోవాలి. ఒక చెయ్యి చాపిన వాడికి మొట్టికాయ పడేది.

ఆవిడ ఇంట్లో తందూరుకు మాత్రం మూత, మూత మీద బండరాయి.

రొట్టెలు కాల్చే ఆ మట్టి తందూరు అత్తగారు కట్టింది. మట్టి తొక్కింది కోడళ్లిద్దరూ, పెద్దకోడలు బచింత్ కౌరూ, చిన్నకోడలు తేజ్ కౌరూ. సాయంత్రమైతే వీధిలో ఆడవాళ్లమంతా పిండి కలుపుకుని అక్కడే చేరేవాళ్లం. అన్నదమ్ములు వేరుపడి వాకిట్లో గోడ లేచినప్పుడు తందూరు బచింత్ కౌర్ వైపు పడింది. తోటికోడల్ని ఒక్కదాన్నే రావద్దంటే బాగుండదని మమ్మల్నందరినీ మానిపించింది. "తందూరు బీటలిచ్చిందమ్మా" అంది. బీటలిచ్చిన తందూరులోంచి రోజూ పొగెలా వస్తోందని అడిగే ధైర్యం మాకు లేకపోయింది. తేజ్ కౌర్ పెనం మీద కాల్చుకునేది. ఇద్దరికీ మాటల్లేవు.

పోయిన చలికాలంలో ఒక ఆదివారం బచింత్ కౌర్ పిల్లలకు పని పెట్టింది. "మీ ఇంట్లో ఉండి పక్కింట్లో లేనిదేమిటో చూడండి. అది పంచండి" అంది. ఆవిడ్ని బీజీ అని పిలిచే మనవరాలు గుణీత్ చాలాసేపు ఆలోచించింది. గురుద్వారాలో గ్రంథం చదివే గ్యానీజీ టీ తాగడానికి పక్కకి వెళ్లగానే, గేదెలు తప్పిపోయినప్పుడు ఊరికి చెప్పే మైకు పట్టుకుంది.

"మా బీజీ తందూరు ఈ సాయంత్రం నుంచి అందరిదీ. పిండి తెచ్చుకోండి. గోడవతల చిన్న బీజీ కూడా రావాలి."

పాఠం ముగించి ఇంటికొచ్చి పాలు కాస్తున్న బచింత్ కౌర్ విని కొయ్యబారిపోయింది. కాదందామంటే అప్పటికే వీధంతా మెచ్చుకుంటోంది. కాదంటే ఇన్నాళ్ల పాఠం నవ్వులపాలు, సరేనంటే తేజ్ కౌర్ గడప తొక్కుతుంది. రెండింట్లో ఏది చేదో తేల్చుకోలేక నిప్పు రాజేసింది.

సాయంత్రం అందరం వెళ్లాం. నేనైతే రెండిళ్ల పిండి పట్టుకెళ్లాను, అబద్ధమెందుకు.

"బీటలు పూడాయా అక్కా?" అని ఒకావిడ అడిగింది.

"నీ నోటికంటే ముందే పూడాయి. ముద్ద ఇటివ్వు."

తేజ్ కౌర్ తల మీద ముసుగు దించుకుని వచ్చి చివర కూర్చుంది. ఆవిడ వంతు రాగానే బచింత్ కౌర్ చెయ్యి ఆగింది.

"ఎవరని చూడకూడదు కదా బీజీ" అంది గుణీత్.

బచింత్ కౌర్ ఆ ముద్ద లాక్కుని చరిచి లోపల అంటించింది. అందరివీ అయ్యాకే తన పిండి తీసింది, పెట్టేవాళ్లు ఆఖర్న తినాలి కదా మరి. అప్పటికి నిప్పు చల్లారింది. ఆవిడ రొట్టెలు తందూరు లోపలి గోడకి అంటక ఒక్కొక్కటే జారి బూడిదలో పడ్డాయి. మేం నవ్వు ఆపుకున్నాం.

తేజ్ కౌర్ లేచి, గుడ్డ మడతలోంచి వేడి రొట్టె తీసి చాచింది. "తీసుకో అక్కా."

బచింత్ కౌర్ మొహం పక్కకి తిప్పుకుని ఒక చెయ్యి చాపింది.

"రెండు చేతులూ, బీజీ" అంది గుణీత్.

ఎవరూ నవ్వలేదు. బచింత్ కౌర్ పట్టకారు కింద పెట్టి రెండో చెయ్యి కూడా కలిపింది. రొట్టె తుంచి నోట్లో పెట్టుకుని చాలాసేపు నమిలింది.

"ఉప్పు తక్కువైంది" అంది. గోడ లేచాక తోటికోడలితో ఆవిడ అన్న మొదటి మాట అదే.

"రేపు నువ్వే వేద్దువుగానిలే" అంది తేజ్ కౌర్.