నలభై ఒకటి చిన్నదైన సాయంత్రం

ముప్పైతొమ్మిది కన్నా నలభై ఒకటి పెద్దదని రుజువు చేయబోయి, నిండు సభలో, చేతిలో మైకు ఉండగా, అది చిన్నదని నిరూపించిన హేతువాదిని మీరెక్కడైనా చూశారా? చూడకపోతే ఇటు తిరగండి. నేనే. నవ్వుకోండి, అభ్యంతరం లేదు. నా పద్ధతి తప్పని మాత్రం అనకండి. ఆ మాట మీద ఈ రోజుకీ కొట్లాటకు సిద్ధం.

అప్పుడు నేను బిలాస్‌పూర్ రైల్వే ఆఫీసులో కొత్త గుమాస్తాను. పగలు ఫైళ్లతో, సాయంత్రం మూఢనమ్మకాలతో పోరాటం. నేను పుట్టి పెరిగిన మా కాలనీ హాల్లో రోజూ ఒక గంట తెలుగు పిల్లలకు లెక్కలు చెప్పేది రత్నమ్మత్త. శ్రీకాకుళం నుంచి ఒక ఇంటికి కోడలిగా వచ్చి, కాలనీ మొత్తానికి అత్తయిన మనిషి. ఒకటి నుంచి వంద దాకా వల్లె వేయించడమే ఆవిడ పద్ధతి. ఆ అరుపులకి పక్కన గూడ్సు బండి పోతున్నా వినపడేది కాదు.

ఒకరోజు హిందీ బడిలో రెండో తరగతి చదివే పింకీని ఆపి అడిగాను.

"ముప్పైతొమ్మిది పెద్దదా, నలభై ఒకటి పెద్దదా?"

"ముప్పైతొమ్మిది అంటే ఉన్‌తాలీస్ కదా అంకుల్? అదే బడా. దాంట్లో తొమ్మిది ఉంది."

నా రక్తం మరిగింది. నేరుగా రత్నమ్మత్త మీదికి వెళ్లాను.

"అత్తా, మీ వల్లెతో పిల్లల నోరే తిరుగుతోంది. బుర్ర కదలడం లేదు!"

"అచ్ఛా! నువ్వూ నా దగ్గరే వల్లేసినావు కదేటి?"

"అందుకే చెబుతున్నాను!"

"అయితే ఆదివారం అందరి ముందూ సూపించు. గెలిస్తే ఈ గంట నీది. ఓడితే?"

"పిల్లల మధ్య కూర్చుని వంద దాకా నేనే వల్లె వేస్తాను!"

ఆ వారమంతా పిల్లలకు ఒకటే నూరిపోశాను. "ఎవరు చెప్పినా నమ్మకండి. తాత చెప్పినా, టీచరు చెప్పినా, నేను చెప్పినా! కళ్లతో చూడండి, లెక్కపెట్టండి!" రెండిళ్లలో దీని మూలంగా గొడవలయ్యాయని విని గర్వంతో ఉబ్బిపోయాను.

ఆదివారం మధ్యాహ్నం వేయించిన వేరుశనగ పిక్కలు తెచ్చి, పదేసి చొప్పున కాగితం పొట్లాలు కట్టాను. కడుతూనే సాయంత్రం ఉపన్యాసం గట్టిగా సాధన చేశాను. భోజనం సంగతి మరిచాను. సంఘాన్ని మార్చేవాడికి అన్నం గుర్తుంటుందా, మీరే చెప్పండి.

సాయంత్రం హాలు నిండింది. బల్ల మీద ఎడమ పక్క మూడు పొట్లాలు, తొమ్మిది విడి పిక్కలు. అది ముప్పైతొమ్మిది. కుడి పక్క నాలుగు పొట్లాలు, ఒక్క పిక్క. అది నలభై ఒకటి. సింహంలా గర్జించాను.

"పింకీ! ఎటు ఎక్కువ?"

పింకీ వేలితో ఒక్కొక్కటే తాకి చూసింది. "ఇటు, అంకుల్. ఇటు పన్నెండు ఉన్నాయి. అటు అయిదే."

"కరట్టే కదేటి?" అంది ముందు వరసలోంచి రత్నమ్మత్త.

"ఒక్కో పొట్లంలో పది ఉన్నాయమ్మా!"

"ఎవరు చూశారు?" అంది పింకీ.

"నేను చెబుతున్నాను కదా!"

"మీరు చెప్పినా నమ్మొద్దన్నారు కదా అంకుల్."

హాలంతా ఘొల్లుమంది. ఫోన్లు పైకి లేచాయి. నాకు మాత్రం అది విజయభేరిలా వినిపించింది. "శభాష్! విప్పు! విప్పి లెక్కపెట్టు!" అని బల్ల గుద్దాను. బల్ల గుద్దిన ప్రతిసారీ నాకేదో ఒకటి జరుగుతుంది.

ఎడమ పక్క పొట్లాల్లో పదేసి ఉన్నాయి. మొత్తం ముప్పైతొమ్మిది, చక్కగా. కుడి పక్క మొదటి పొట్లంలో తొమ్మిది.

"మళ్లీ లెక్కపెట్టు," అన్నాను. మళ్లీ తొమ్మిదే. రెండో దాంట్లో ఎనిమిది. నేను గుటక వేసిన చప్పుడు మైకులో హాలంతా వినపడింది. మిగతా రెండింట్లో పదేసి ఉన్నా, విడి పిక్కతో కలిపి తేలింది ముప్పైఎనిమిది!

సంగతి నాకు అప్పుడు వెలిగింది. ఉపన్యాసం సాధన చేస్తుంటే ఆవేశం వచ్చిన ప్రతిచోటా చెయ్యి లెక్కపెట్టి ఉంచిన పిక్కల మీదికి, అక్కణ్నుంచి నోట్లోకి పోయింది. మొత్తం మూడు ఆవేశాలు.

"ఏటి నాయనా," అంది రత్నమ్మత్త, "రుజువుని నువ్వే తినీసినావేటి?"

నవ్వులు రైలింజను కూతల్లా మోగాయి. వాటి మధ్య పింకీ ఆవిడ వైపు తిరిగి గొంతు చించుకుంది. "అయినా అమ్మమ్మా! నలభై ఒకటే పెద్దది! అన్ని పొట్లాల్లో పది ఉంటే ఇటే ఎక్కువ. ఇది నలభై ఒకటి కాదు, అంతే. అంకుల్ తినేశారు!"

"విన్నారా! విన్నారా!" అని ఎగిరాను. ఎవరూ వినలేదు, రత్నమ్మత్త తప్ప. ఆవిడ పింకీని దగ్గరికి లాక్కుంది.

"ఈ గుంటకి తెలిసింది," అంది. "సర్లే, అరగంట నీది, అరగంట నాది. పందెం మాత్రం పందెమే. కూకో."

కూర్చున్నాను. ఒకటి నుంచి వంద దాకా వల్లె వేశాను. ముప్పైఎనిమిది దగ్గర పిల్లలు చప్పట్లు కొట్టారు. ఆ వీడియో ఇప్పటికీ మా కాలనీ పెళ్లిళ్లలో తిరుగుతోంది. తిరగనివ్వండి. ఓడింది నేను. నా పద్ధతి కాదు.

అయినా మీ అందరి సాక్షిగా ప్రతిజ్ఞ చేస్తున్నాను. నా శరీరంలో ఊపిరి ఉన్నంతవరకు రుజువుగా పనికొచ్చే ఏ వస్తువునూ నమలను. ఇప్పుడు గులకరాళ్ల పొట్లాలతోనే చెబుతున్నాను. వాటిని కూడా పాఠానికి ముందు పింకీ ఒకసారి విప్పి లెక్కపెడుతుంది. నా మీద నమ్మకం లేక కాదు.

కాదేమిటి, లేకే. నేను నేర్పిందే అది.