ఒకసారి అడిగే ఇల్లు

తమక అనే ఊళ్లో మా ఆఫీసుకి ఎదురుగా కొత్తగా తెరిచిన హోటల్లో, వడ్డించే మనిషి గిన్నె మీద మూత ఎత్తగానే నెయ్యన్నం ఆవిరి, దాంతోపాటు వేయించిన జీడిపప్పు, లవంగం కలిసిన వాసన టేబులంతా కమ్ముకుంటుంది. నాతో వచ్చిన అమ్మాయిలు ఆ వాసనకి కుర్చీలు ముందుకు లాక్కుంటారు. నేను మాత్రం నా కుర్చీ కదపను. "ఇంకొంచెం రైస్, మేడమ్?" అని అతను ఒకసారి అడుగుతాడు, నేను అలవాటు కొద్దీ తల అడ్డంగా ఊపుతాను, అతను మూత పెట్టేసి పక్క టేబులుకి పోతాడు. అతను చేసిన తప్పేమీ లేదు. కానీ ఆ మూత పడిన చప్పుడుకి నాకు మా పెద్దమ్మ ముఖం కనిపిస్తుంది. ఇన్నేళ్లయినా ఆమె మీద కోపం తగ్గలేదు, తగ్గించుకోవాలని కూడా నాకు లేదు.

మాది ముళబాగిలు తాలూకా బైరకూరు. రాగిచేను, కాసిని మామిడిచెట్లు, పాడి ఆవులు, ఇంటి వెనక పట్టుపురుగుల గది. పురుగులు పెద్దవై మల్బరీ ఆకు మేసే రోజుల్లో ఆ గదిలోంచి సన్నటి వాన కురుస్తున్నట్టు ఎడతెగకుండా చప్పుడు వచ్చేది, ఆ చప్పుడు వింటూ మేము పక్కగదిలో నేల మీద వరసగా కూర్చుని తినేవాళ్లం. చలికాలం వస్తే మంచులో తడిసిన అనపకాయల వాసన జిడ్డుగా ఊరంతా పరుచుకునేది. కోసిన చేతులకి అంటుకుంటే ఎంత కడిగినా పోయేది కాదు, పోవాలని ఎవరూ అనుకునేవారు కాదు. నానబెట్టిన గింజల్ని ఆడవాళ్లు అరుగు మీద చేరి బొటనవేళ్లతో పితుకుతుంటే, పప్పు ఒకవైపు, తొక్క ఒకవైపు చిటుక్కు చిటుక్కుమని పడేవి. ఆ పితికిపప్పు చారులో వేడి సంగటి ముంచుకుని, నమలకుండా గుటుక్కున మింగితే గొంతులోంచి కడుపు దాకా అది దిగే దారంతా తెలిసేది. ఉగాదికి పూర్ణం పెట్టిన ఓళిగలు, వాటి మీద అప్పుడే కరిగించిన నెయ్యి, పక్కన ఆ పూర్ణానికి పప్పుబేడలు ఉడికిన నీళ్లతో పెట్టిన తియ్యకారం చారు.

మా అవ్వ, అంటే నాయన వాళ్లమ్మ, వడ్డించడానికి నిలబడితే ఇంట్లో ఇంకెవరి మాటా సాగేది కాదు. తినేవాళ్లు తమంతట తాము గిన్నెలో చెయ్యి పెట్టడం మాకు లేదు. తింటున్న కుడిచెయ్యి ఎంగిలి, ఎడమచెయ్యి తిండి దగ్గరికి రాకూడదు, కాబట్టి పళ్లెం ముందు కూర్చున్న మనిషి పూర్తిగా వడ్డించే మనిషి దయ మీద ఉన్నట్టే. ఆ దయకి ఒక పద్ధతి ఉండేది. ఇంకొంచెం వెయ్యనా అని అవ్వ అడగాలి, వద్దని మనం అనాలి. అవ్వ మళ్లీ అడగాలి, మనం రెండు చేతులూ పళ్లానికి అడ్డం పెట్టాలి. అప్పుడు ఆ వేళ్ల సందులోంచే అవ్వ సంగటి ముద్ద జారవిడవాలి. అడగ్గానే సరేనన్నవాళ్లని ఆశపోతులనేవారు. ఒకసారి అడిగి ఊరుకున్న ఇంటికి మళ్లీ ఎవరూ భోజనానికి పోయేవారు కాదు. పిల్లలం గుజ్జనగూళ్లు ఆడుకునేటప్పుడు కూడా మల్బరీ ఆకుల్లో ఇసుక అన్నం పెట్టుకుని, తినడం కంటే వద్దు వద్దనడమే ఎక్కువసేపు ఆడేవాళ్లం. చారు జుర్రితే చప్పుడు రావాలి. రాకపోతే అవ్వ గరిటె పట్టుకుని ఆగిపోయేది. "ఏమప్పా, ఉప్పు తక్కువాయెనా?" అనేది.

ఐదో తరగతి కాగానే ఇంగ్లీషు మీడియం బడి కోసమని నన్ను కేజీఎఫ్‌లో పెద్దమ్మ ఇంట్లో పెట్టారు. పెద్దమ్మ మా అమ్మకి సొంత అక్క. పెదనాన్న బంగారు గనుల ఆఫీసులో పెద్ద ఉద్యోగం చేసినవాడు, గనులు మూతపడ్డాక కూడా ఆ పాత బంగళాలోనే ఉండేవాడు. కిటికీ తెరిస్తే, బంగారం తీశాక పారబోసిన సైనైడు మట్టి దిబ్బలు బోడి కొండల్లా కనిపించేవి, గాలి తోలితే వాటి పొడి అద్దాల మీద, మంచం మీద, నా పుస్తకాల మీద సన్నగా పేరుకునేది. సాయంత్రం సైకిలు మీద ఒక మనిషి తమిళంలో కేకేసుకుంటూ వేడి పుట్టు అమ్ముకుంటూ పోయేవాడు. క్రిస్మస్ ముందు పక్క బంగళాల నుంచి కేకులు కాలే వాసన వచ్చేది. ఆ వీధిలో అన్ని వాసనలూ ఉండేవి. మేమున్న ఇంట్లోనే ఏ వాసనా ఉండేది కాదు, ఎందుకంటే పెద్దమ్మ అన్నిటికీ మూతలు పెట్టేది.

గనుల క్లబ్బులో నేర్చిన మర్యాదలు ఆ ఇంట్లో మూతపడలేదు. భోజనాల బల్ల మీద తెల్లగుడ్డ, ఒక్కొక్కరికి చెంచా, ముళ్లచెంచా, మధ్యలో పింగాణీ గిన్నెలు. నోరు మూసుకుని నమలాలి, మోచేతులు బల్లకి తగలకూడదు, తినేటప్పుడు ఎవరైనా అడిగితే తప్ప మాట్లాడకూడదు. వెళ్లిన మొదట్లో చారు నోట్లో పోసుకుంటే పెద్దమ్మ నా వైపు చూసి, "ఏమే అది, ఆవు కుడితి తాగినట్ల! ఇది మీ బైరకూరు కాదు" అంది. నేను అసలే నోరు లేని పిల్లని. చప్పుడు లేకుండా తినడం నాకు తొందరగానే వచ్చింది. సంగటి ఆ ఇంట్లో వండరు కాబట్టి మింగడం మరిచిపోవడమూ కష్టం కాలేదు.

రానిది ఒక్కటే. గిన్నెలోంచి నాకై నేను వేసుకోవడం రాలేదు. "ఇంగా కావాలా?" అని పెద్దమ్మ ఒకసారి అడిగేది, అడిగేటప్పటికే ఆమె చెయ్యి మూత మీద ఉండేది. "వద్దు పెద్దమ్మా" అనేదాన్ని. మూత పడేది. రెండోసారి అడుగుతుందని పళ్లెంలోకి చూస్తూ కూర్చునేదాన్ని, ఆ లోపల గిన్నెలు వంటింట్లోకి పోయేవి. ఒకరోజు ధైర్యం చేసి ఎడమచేత్తో గరిటె పట్టుకున్నాను. "ఏమే అంత ఆత్రం? అడిగితే వద్దంటావు, ఎనక దొంగ మాదిరి ఏసుకుంటావు" అంది పెద్దమ్మ. పెదనాన్న పేపర్లోంచి తలెత్తలేదు. గరిటె ఎక్కడ పట్టుకున్నానో అక్కడే వదిలేశాను, ఆ ఇంట్లో మళ్లీ ముట్టుకోలేదు.

అలా వానాకాలం పోయింది, చలికాలం వచ్చింది. బడిలో కుళాయి దగ్గర కడుపు నిండా నీళ్లు తాగేదాన్ని. లైబ్రరీ పుస్తకాల్లో ఎవరైనా భోంచేసే చోటు వస్తే ఆ పేజీ మళ్లీ మళ్లీ చదివేదాన్ని. నా డైరీలో ఆ ఏడాది తిండి తప్ప మరో సంగతి లేదు. గౌను నడుము దగ్గర వదులైతే పెద్దమ్మే పిన్నీసు పెట్టింది. "ఇప్పుడు చూడు, ఎంత నీట్‌గా ఉండావో" అంది. అప్పటికి కూడా ఆమె మీద నాకు కోపం లేదు. ఈ ఊళ్లో పద్ధతి ఇంతేనేమో, రెండోసారి అడగాలని వీళ్లకి తెలియదేమో అనుకునేదాన్ని.

అనపకాయల కాలంలో ఒకరోజు నాయన పెద్ద మూట భుజాన వేసుకుని వచ్చాడు. పొద్దున్నే బస్సెక్కాడు, ఏమీ తినలేదు. సరిగ్గా ఆ రోజే పెదనాన్న బెంగుళూరు నుంచి వచ్చిన ఒక ఆఫీసరునీ, ఆయన భార్యనీ రాబర్ట్‌సన్‌పేట బజారులో కొత్త ఏసీ హోటలుకి మధ్యాహ్నం భోజనానికి పిలిచాడు. వాళ్లూ చిత్తూరు వైపు తెలుగువాళ్లే. పెదనాన్నకి మళ్లీ ఉద్యోగం ఇప్పించే మాట ఆ ఆఫీసరు చేతిలో ఉందట. నాయనని ఇంట్లో వదిలిపోతే బాగుండదని వెంట తీసుకుపోయారు. దారిలో పెద్దమ్మ, "మరిదీ, ఆడ రొంత చూసి తినప్పా" అని మెల్లగా చెప్పింది. "సరే వదినా" అన్నాడు నాయన, నవ్వుతూనే.

హోటల్లో ఆయన గ్లాసు పెదవికి తగలకుండా పైనుంచి నీళ్లు పోసుకున్నాడు, చొక్కా కాలరు తడిసింది. వడ్డించే మనిషి అన్నం పెట్టి, కాసేపటికి వచ్చి ఇంకా కావాలా అని అడిగాడు. "చాలప్పా" అని నాయన మర్యాదగా అని, ఆ రెండో మాట కోసం నవ్వుముఖంతో తలెత్తాడు. మనిషి అప్పటికే పోయాడు. నాయన ఖాళీ పళ్లెం వైపు చూసుకున్నాడు. తర్వాత ఆ మనిషి నా దగ్గరికొచ్చి అడిగితే నేనూ వద్దన్నాను, పళ్లెంలో అంటుకున్న మెతుకులు వేలి కొసతో ఏరుకోవడం మొదలుపెట్టాను. నాయన దాన్నే చూస్తున్నాడని నాకు తెలుసు.

అప్పుడు వినబడింది పెద్దమ్మ గొంతు. "అయ్యో, అదేం తిండమ్మా, పిచిక తిన్నట్ల! ఇంగొక్క చెంచా" అంటోంది ఆఫీసరు భార్యతో. ఆవిడ వద్దండీ వద్దండీ అంది. "నా మీద ఆన, నా మాట కోసరం" అంటూ పెద్దమ్మ గిన్నె తన చేతిలోకి తీసుకుని లేచి నిలబడింది. ఆవిడ నవ్వుతూ రెండు చేతులూ పళ్లానికి అడ్డం పెట్టింది. పెద్దమ్మ ఆ వేళ్ల సందులోంచే అన్నం జారవిడిచింది.

ఆ క్షణం దాకా నాకు ఆకలి మాత్రమే తెలుసు. అప్పుడు తెలిసింది, ఆమెకి అన్నీ తెలుసని. మేము కూర్చునేలాంటి నేల మీదే ఆమె కూర్చుని పెరిగింది, మొదటి వద్దు ఎందుకంటారో ఆమెకి తెలుసు, రెండోసారి అడగడం వచ్చు, మూడోసారి ఆన పెట్టడం వచ్చు. ఎవరిని అడగాలో ఎంచుకుంది, అంతే.

"పాపా, తిన్నావా?" అన్నాడు నాయన.

"తిన్నాను నాయనా."

ఆయన ఇంకేమీ అడగలేదు. బల్ల మధ్యలో ఉన్న అన్నం గిన్నె తన వైపు లాక్కుని, తింటున్న కుడిచేత్తోనే, ఆ ఎంగిలి చేత్తోనే, పిడికెడు అన్నం తీసి నా పళ్లెంలో పెట్టాడు. మళ్లీ చెయ్యి పెట్టాడు. పెద్దమ్మ ముఖం తెల్లబోయింది.

"మరిదీ! చెంచా ఉండాది కదప్పా!"

"ఉండాది వదినా. చూస్తానే ఉండాను."

"ఎంగిలైపోయె! ఇంగెవురు తింటారు దాన్ని?"

"నా బిడ్డ తింటాది" అన్నాడు నాయన, గిన్నె మొత్తం నా ముందు పెట్టి.

ఆఫీసరు భార్య తన పళ్లెం కొంచెం దూరం జరుపుకుంది. పెదనాన్న చేతిగుడ్డతో మూతి తుడుచుకుంటూనే ఉన్నాడు. నేను తిన్నాను. చెంచా పక్కన పెట్టి, మణికట్టు దాకా చారు కారుతుంటే, చప్పుడు చేసుకుంటూ గిన్నె అడుగు కనిపించేదాకా తిన్నాను.

మరునాడు పొద్దున ముళబాగిలు బస్సులో నా పెట్టె నాయన ఒళ్లో ఉంది. చాలా దూరం వచ్చాక, "నాకొక మాట చెప్పకూడదా పాపా?" అన్నాడు.

"ఏమని చెప్పాల నాయనా? వాళ్లు అడిగినారు. నేనే వద్దంటిని."

ఆయన కిటికీ వైపు తిరిగాడు.

ఇంగ్లీషు బడి అంతటితో సరి. పెదనాన్నకి ఆ ఉద్యోగం రాలేదు, నాయన ఎంగిలి చెయ్యి వల్లే రాలేదని పెద్దమ్మ చుట్టాలందరికీ చెప్పింది. ఏళ్ల తరబడి రాకపోకలు లేవు. మా అమ్మ మాత్రం ఇప్పటికీ అంటుంది: "మీ పెద్దమ్మ కూడా కొత్త కోడలుగా పోయినప్పుడు ఆ బల్ల కాడ పస్తున్నదే గదమ్మా. ఆ ఇంటి పద్ధతి అది." పద్ధతులు వేరువేరుగా ఉంటాయని, ఎవరినీ తప్పు పట్టకూడదని పుస్తకాల్లో నేనూ చదివాను. కానీ అమ్మ మాట విన్నప్పుడల్లా నా కోపం రెట్టింపవుతుంది. ఆ బల్ల దగ్గర పస్తున్న మనిషికి నా ఆకలి అందరికంటే ముందు కనబడాలి.

పోయిన మాఘంలో బైరకూరులో మా చిన్నాన్న కూతురి పెళ్లయింది. అవ్వ ఇప్పుడు లేదు. పట్టుపురుగుల గదిలో సిమెంటు మూటలున్నాయి, అరుగు పగలగొట్టి బండ్లు నిలపడానికి జాగా చేశారు. పెళ్లిలో బఫే పెట్టారు. చేతులకి ప్లాస్టిక్ తొడుగులు వేసుకున్న మనుషులు తలా ఒక చెంచా పడేసి వెనకవాళ్ల వైపు చూస్తారు. వద్దనడానికి కూడా ఎవరూ అడగరు. ఊరంతా పళ్లాలు పట్టుకుని క్యూలో నిలబడి, నిలబడే తిని, ఎవరు తిన్నారో ఎవరు తినలేదో ఎవరికీ తెలియకుండానే పోయారు. గుజ్జనగూళ్లు ఆడే పిల్లలు నాకెక్కడా కనిపించలేదు.

పెద్దమ్మ వచ్చింది. పెదనాన్న పోయాక ఒంటరిది, మోకాళ్లు పనిచెయ్యవు. ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని, నేను అటు పోతుంటే చెయ్యి పట్టుకుని ఆపింది. "చూసినావామ్మా, తినినావా అని ఒక్కరన్నా అడిగినారా? ఇదేం మర్యాద?" అంది. నేను చెయ్యి విడిపించుకున్నాను.

ఎక్కడి నుంచి చూశాడో నాయన పళ్లెం నిండా పెట్టించుకుని ఆమె దగ్గరికి వచ్చాడు. "తిను వదినా. ఇంగొక ఓళిగ ఏసుకో. నా మీద ఆన." ఆమె వద్దు వద్దు మరిదీ అంటూ రెండు చేతులూ పళ్లానికి అడ్డం పెట్టింది, చిన్నపిల్లలా నవ్వింది. మా ఊళ్లో అలా అడిగే మనిషి ఇప్పుడు ఆయనొక్కడే. ఆయన ఆ వేళ్ల సందులోంచి ఓళిగ జారవిడిచి, నా వైపు తిరిగి, "పాపా, నెయ్యి పట్టుకురా, పెద్దమ్మకి ఏస్తాం" అని పిలిచాడు.

నెయ్యి గిన్నె నా పక్కనే, చేతికందేంత దూరంలో ఉంది. నేను వినబడనట్టు చెయ్యి కడుక్కోవడానికి వెళ్లిపోయాను.