విడిదికి వెళ్ళని చేప

మా తోటికోడల్ని మెచ్చుకోవడం నాకు అలవాటు లేదు. ఆవిడది ముక్కుసూటి వ్యవహారం. పక్కవీధిలో కుట్టు కొట్టు ఆవిడది; ప్యాంట్లు పొట్టి చేయడం, జిప్పులు మార్చడం పని. "ఈ గుడ్డకి ఇంకో కుట్టు దండగ, పారేయండి" అని వచ్చిన బేరాన్నే తిప్పి పంపేస్తుంది. నేను పంపిన కూర బాగా లేకపోతే గిన్నెతోపాటు ఆ సంగతీ తిరిగొస్తుంది. ఎవరికీ జంకని మనిషి ఒకే ఒక్కసారి మొహమాటపడింది. ఆ ఒక్కసారికే కొంప మునిగింది.

ఆవిడ ముందుగదిలో గోడ పొడవునా ఉప్పునీటి చేపల తొట్టి. అందులో నారింజ రంగు మీద తెల్ల పట్టీలున్న జంట. కూతురు బడికెళ్ళే రోజుల్లో కొన్నవి, ఆ పిల్లకి పెళ్ళయ్యాక కూడా ఒకదాని వెంట ఒకటి తిరుగుతూనే ఉన్నాయి. కొట్టు మూసి వచ్చి చెప్పులైనా విప్పకుండా ముందు వాటిని పలకరించేది. "నన్నూ ఆ తొట్టిలో వెయ్యవే, రోజూ పలకరిస్తావు" అనేవారు మా బావగారు.

కొత్త చేప ఏది కొన్నా నేరుగా అందులోకి వెళ్ళడానికి వీల్లేదు. స్నానాలగదిలో చీపురు పక్కన ఒక ప్లాస్టిక్ టబ్బు, అందులో చిన్న మోటారు. నెల పైనే అక్కడ ఉండి, ఒంటిమీద మచ్చ లేదని తేలాకే పెద్ద తొట్టి ప్రవేశం. ఆ టబ్బుకి మేం పెట్టిన పేరు విడిది.

"పెళ్ళివారికైనా ఇన్నాళ్ళు విడిది ఇవ్వరక్కా" అనేదాన్ని.

"ఏ చేప ఏ రోగం మోసుకొస్తుందో పైకి కనబడదే. అన్నిటినీ తుడిచిపెట్టడానికి ఒక్కటి చాలు" అనేది.

పెళ్ళయిన కొన్నాళ్ళకి కూతురితోపాటు వియ్యంకుడుగారు వచ్చారు. చేతిలో నీళ్ళు నింపిన ప్లాస్టిక్ సంచి, అందులో ఒక నీలం చేప. "చేపలంటే మీకు ప్రాణమటగా చెల్లెమ్మా! ఏరి తెచ్చాను. వెయ్యండి, ఎలా ఈదుతుందో చూసి వెళ్తాను."

"చాలా బాగుందన్నయ్యగారూ. కొన్నాళ్ళు వేరేగా ఉంచి వేస్తాను" అంటూ మా అక్క సంచి పట్టుకుని లోపలికి నడిచింది. ఆయన వెనకే వచ్చి టబ్బునీ, చీపురునీ చూశారు.

"అదేంటమ్మా, మేం తెచ్చినదాన్ని బాత్రూంలో పెడతారా?"

నవ్వుతూనే అన్నారు, కానీ నవ్వు పెదాల దగ్గరే ఆగిపోయింది. ఆయన వెనక నిలబడ్డ కూతురు తల్లికేసి చూసి, వద్దన్నట్టు తల ఊపింది. ఆ మొహంలో నెత్తురు చుక్క లేదు.

మా అక్క వెనక్కి వచ్చి, తన చేత్తోనే ఆ చేపని పెద్ద తొట్టిలోకి వదిలింది. మొహమాటం అనే మాట కనిపెట్టినవాడు నాకు దొరికితే ఆ ఉప్పునీళ్ళే తాగించేదాన్ని.

వారం తిరక్కుండా జంట ఒంటిమీద ఉప్పు చల్లినట్టు తెల్లచుక్కలు లేచాయి. మందు పెద్ద తొట్టిలో కలిపితే రాళ్ళమీద పెరిగే ప్రాణులు చస్తాయి. అందుకని రాళ్ళన్నీ పీకి, చేపల్ని వలతో పట్టి, టబ్బులో వేసి మందు కలిపింది. అప్పటికే చెయ్యి దాటిపోయింది. ఆడది ముందు పోయింది, మర్నాడు మగది. మా అక్క కొట్టు తెరవకుండా ఆ టబ్బు పక్కనే తడినేల మీద కూర్చుంది. ఆవిడ ఏడవగా చూడటం నాకదే మొదలు. నీలం చేపకీ చుక్కలు వచ్చాయి, పోయాయి. పెట్టినదల్లా తిని అది దుక్కలా ఉంది.

వియ్యంకుడుగారు కోడల్ని వెంటబెట్టుకుని మళ్ళీ వచ్చిన రోజు నేనూ అక్కడే ఉన్నాను. ఆయన తొట్టి ముందు వంగి, "మిగతావేవమ్మా?" అన్నారు.

ఇవాళ కడిగి పారేస్తుంది అనుకున్నాను. మా అక్క నోరు తెరిచేలోపే కూతురు అందుకుంది.

"ముసలివైపోయాయి మావయ్యగారూ. వాటంతటవే పోయాయి."

"చూశారా, మేమిచ్చింది ఎంత గట్టిదో!" అంటూ ఆయన అద్దంమీద వేలితో కొట్టారు. కూతురు పకపకా నవ్వింది.

వాళ్ళు వెళ్ళేసరికి నాకు ఒళ్ళు మండిపోతోంది. "బెల్లం కొట్టిన రాయిలా నిలబడ్డావేంటక్కా? ఆయన తెచ్చిన చేపే కదా వాటిని చంపింది!"

ఆవిడ ఆ నీలం చేపకే మేత వేస్తోంది. "చేపల సంగతి వదిలెయ్యవే" అంది. "నా కూతురికి అబద్ధం చెప్పడమే వచ్చేది కాదు. చెప్పబోతే నాలుక తడబడేది. ఇవాళ ఎలా తడుముకోకుండా చెప్పిందో విన్నావుగా. ఆ ఇంట్లో రోజుకెన్ని చెబుతోందో."