చేపల పులుసులో పంచదార

తప్పు ముందే ఒప్పేసుకుంటే శిక్ష తగ్గుతుందంటారు కాబట్టి చెప్పేస్తున్నాను. నేను కోతలు కోస్తాను. మా పెరట్లో దూరిన మూడడుగుల పాము నా నోట్లోంచి బయటికి వచ్చేసరికి పదకొండు అడుగులవుతుంది. పోర్ట్ బ్లెయిర్ వానని నేను వర్ణిస్తే వినేవాళ్ళు గొడుగులు వెతుక్కుంటారు. ఇదిగో, ఇదీ కోతే. ఒకాయన మాత్రం నిజంగా వెతుక్కున్నాడు. అందుకని ఇందులో నేను చెప్పే ప్రతి లెక్కనీ మూడు పెట్టి భాగించుకుని చదవండి. ఒక్క చోట మాత్రం భాగించినా ఏమీ మిగలదు, అక్కడ మొత్తం కల్పించాను. అదెక్కడో చివర్న చెబుతాను.

రెండేళ్ళ కిందట మా ఆవిడకి మధ్య అండమాన్‌లోని రంగత్‌కి బదిలీ అయింది. ఆవిడ నర్సు. అక్కడ ఇంకో నర్సుతో కలిసి ఒక గదిలో సర్దుకోవాల్సి రావడంతో పిల్లలిద్దరూ, ఏడేళ్ళ పాప, ఐదేళ్ళ బాబు, పోర్ట్ బ్లెయిర్‌లో మా గోల్ ఘర్ ఇంట్లో నా దగ్గరే ఉండిపోయారు. నేను ఇంట్లో కూర్చుని పత్రికలకి నవ్వించే రాతలు రాసుకునే మనిషిని. పిల్లల్ని బడికి పంపనక్కర్లేదు, చదువు నేనే చెబుతానని ప్రకటించాను. ఈ దీవుల్లో తెలుగు మాట్లాడే పిల్లలున్నారుగానీ చదివే పిల్లలేరీ అని అడిగాను. అలా నాలుగు గంటలు మాట్లాడాను. భాగించుకోండి.

మా ఆవిడ అంతా విని, "సరే, ఒక్క సాల్ చూద్దాం. లెక్కలూ గిక్కలూ ఎలాగో వస్తాయి. పాప మా అమ్మ బుక్కు చదివి నాకు వినిపించాలి. అది రాకపోతే ఏప్రిల్లో స్కూలు. సీదా," అంది.

ఆ బుక్కు సంగతి చెప్పాలి. మా అత్తగారు శ్రీకాకుళం వైపు నుంచి పెళ్ళయి ఓడెక్కి ఇక్కడికి దగ్గర్లోని చౌల్దారీ అనే పల్లెకి వచ్చిందట. వంటలూ, విత్తనాలు చల్లే రోజులూ, జ్వరానికి కషాయాలూ ఒక పుస్తకంలో రాసుకునేది. మా ఆవిడకి తొమ్మిదేళ్ళప్పుడు పోయింది. మా ఆవిడ చదువంతా హిందీలో సాగింది. తెలుగు గలగలా మాట్లాడుతుంది, అక్షరాలు మాత్రం రావు. వాళ్ళమ్మ చేతిరాతని ముప్ఫయ్యేళ్ళుగా ముగ్గుల పుస్తకం చూసినట్టు చూస్తోంది.

"దానికి పాప ఎందుకు? నేను చదివిపెడతాను కదా," అన్నాను.

"మీరు చదివితే నాలుగు కలుపుతారండీ. నాకు మా అమ్మ రాసిందే కావాలి."

పెళ్ళయినప్పటి నుంచీ నా మీద వచ్చిన నిందల్లో నేను ఖండించలేకపోయింది ఇదొక్కటే.

బడి మొదలైంది. వంటింటి తలుపు నల్లబల్ల. తొమ్మిదికి గంట, తొమ్మిదింపావుకి ఇంటర్వెల్, పదకొండుకి ఇంటర్వెల్ అయిపోయిందేమోనని అనుమానం. చౌల్దారీ నుంచి వచ్చిన వక్కలతో లెక్కలు చెప్పాను. మా ఇల్లు వాలు మీద ఉంటుంది. బాబు వక్కల్ని గడప దాటించి ఒక్కొక్కటే దొర్లించేవాడు, అవి నేరుగా బజారు చేరేవి. తీసివేతలు మాత్రం వాడికి బాగా వచ్చాయి. పక్కింటి దీదీ బట్టలు ఆరేస్తూ రోజూ అడిగేది: "భయ్యా, బచ్చోంకీ ఛుట్టీ కబ్ ఖతమ్ హోగీ?" పిల్లలకి సెలవులు ఎప్పుడు అయిపోతాయని ఆవిడ ప్రశ్న. ఇది బడే అని నేను చెప్పేవాణ్ణి. ఆవిడ క్లిప్పు పళ్ళ మధ్య పెట్టుకుని నవ్వేది.

తెలుగు వాచకం ఒకటి తెప్పించాను. అందులో చీమ సంతకి వెళ్ళిన కథ పాపకి ప్రాణం. గుణింతాలు దిద్దిస్తే ఏడుస్తుంది, కథ చదివితే నవ్వుతుంది. నాకు రాసుకునే పని ఉంది. కాబట్టి కథే చదివేవాణ్ణి. నెల తిరిగేసరికి పాపే వేలు పెట్టుకుని గడగడా చదవడం మొదలుపెట్టింది. సాయంత్రం ఆరింటికి రంగత్ నుంచి ఫోన్. నెట్‌వర్క్ ఉన్నంతసేపు పాప చీమ కథ చదివేది, బాబు పక్కన కూర్చుని చప్పుడయ్యేలా పేజీలు తిప్పేవాడు. అవతల మా ఆవిడ ఊపిరి బిగబట్టి వినేది. "మా పాప చదువుతోంది," అని ఇంకో నర్సుకి చెప్పడం ఇటు మాకు వినిపించేది.

వర్షాలు వచ్చాయి. మా ఇంట్లో చెమ్మకి అగ్గిపెట్టెలు మొలకెత్తుతాయి. వాచకంలో రెండు పేజీలు అంటుకుపోయాయి. ఒకరోజు నేను పాప వెనక నిలబడి టీ తాగుతున్నాను. పాప వేలు పెట్టి చదువుతూ, అంటుకుపోయిన ఆ రెండు పేజీల లోపల ఉన్న కథ కూడా, బెల్లం కొట్టుతో సహా, ఒక్క ముక్క పోకుండా చదివేసి అవతలి పేజీకి వెళ్ళిపోయింది.

టీ చల్లారిపోయింది. పక్క పేజీలో "సంత" అన్న మాట చూపించి, ఇదేంటమ్మా అన్నాను. పాప దాన్ని కాసేపు చూసి, "చీమ," అంది. తరవాత నా మొహం చూసి, "కాదా నాన్నా?" అంది. నేను, "దగ్గరికొచ్చావు," అన్నాను.

అప్పటికి ఏప్రిల్‌కి ఇంకా ఆరు నెలలున్నాయి. ఆ రోజే మొదలుపెడితే సరిపోయేది. ఆ సాయంత్రం ఫోన్‌లో మా ఆవిడ, "ఎలా చదువుతోంది?" అని అడిగింది.

"చదవడం ఏంటి, దౌడు తీస్తోంది," అన్నాను.

ఎన్నో పాముల్ని సాగదీశాను, ఎవరికీ నష్టం లేదు. ఈ దౌడు మాత్రం రోజూ ఆరింటికి ఫోన్ మోగగానే నన్ను పెరట్లోకి తరిమేది. రేపటి నుంచి గుణింతాలు అనుకునేవాణ్ణి. రేపు వచ్చేది, పాప ఏడ్చేది, చీమ సంతకి వెళ్ళేది.

మార్చిలో మా ఆవిడ చెప్పకుండా వచ్చింది. తెల్లవారకముందే రంగత్‌లో బస్సెక్కి, వచ్చే దారిలో చౌల్దారీ వెళ్ళి, వాళ్ళన్నయ్య ఇంట్లో పెట్టెలోంచి పుస్తకం తీసుకుని వచ్చింది. కాళ్ళు కడుక్కుని పాప పక్కన కూర్చుంది. ఒక పేజీ తీసింది. పేజీ పైన మా అత్తగారు చిన్న చేప బొమ్మ గీసింది. ఆ పుస్తకంలో మా ఆవిడ చదవగలిగింది ఆ చేప ఒక్కటే.

"ఇది చదువమ్మా. అమ్మమ్మ రాసింది."

పాప నావైపు చూసింది. నేను కిటికీలోంచి దీదీ ఆరేసిన బట్టలు లెక్కపెట్టాను. పాప వేలు పెట్టింది.

"చేపల పులుసు. చేపలు కడగాలి. బాగా కడగాలి. చింతపండు పిసకాలి. తరవాత మూడు గరిటెల పంచదార వెయ్యాలి. పిల్లలకి ముందు పెట్టాలి."

ఎక్కడా తడబడలేదు. నా కూతురే, సందేహం లేదు. మా ఆవిడ పాప తల మీద చెయ్యి వేసి కాసేపు తియ్యలేదు.

మర్నాడు ఆదివారం. మా ఆవిడ సుర్మయి, అదే వంజరం చేప, తెచ్చింది. బాగా కడిగింది. మూడు గరిటెల పంచదార, కొలిచి మరీ వేసింది. పిల్లలకి ముందు పెట్టింది. బాబు ఒక ముద్ద తిని, "అమ్మా, పాయసంలో చేప పడింది," అన్నాడు.

"నోరుమూసుకుని తిను. అమ్మమ్మ వంట," అంది మా ఆవిడ. తను నెమ్మదిగా తింది. రెండోసారి వడ్డించుకుంది. "అమ్మ పులుసు తియ్యగా ఉండేదని నాకు యాద్ లేదండీ. కారంగా ఉండేదని అనుకుంటున్నాను ఇన్నాళ్ళూ. చిన్నదాన్ని కదా. మరిచిపోయుంటాను," అంది.

తన దగ్గర వాళ్ళమ్మవి మిగిలినవే నాలుగు జ్ఞాపకాలు. అందులో ఒకదాన్ని నేను పంచదార పోసి చెరిపేస్తున్నాను. ఇక ఆగలేక, ఎంగిలిచేత్తోనే చెప్పేశాను: పాపకి చదవడం రాదు, నేను నేర్పలేదు, తెలిసీ నీకు అబద్ధం చెప్పాను.

మా ఆవిడ చెయ్యి కడుక్కుని వచ్చి పుస్తకం నా ముందు పెట్టింది.

"అయితే మీరే చదవండి. కలపకండి."

చదివాను. "చేపల పులుసు. చింతపండు నిమ్మకాయంత. మిరపకాయలు రెండే, పిల్ల కారం తట్టుకోలేదు. దించే ముందు మెంతిపిండి." అంతే ఉంది. నేను కలిపింది ఒక్క అక్షరం లేదు.

"మళ్ళీ చదవండి," అంది. మళ్ళీ చదివాను. మూడోసారి చదువుతుంటే పాప వచ్చి, "పిల్ల ఎక్కడుంది నాన్నా?" అంది. చూపించాను. పాప దాని మీద వేలు పెట్టింది. మా ఆవిడ కూడా పెట్టింది.

ఏప్రిల్లో పిల్లలిద్దరూ బడికి వెళ్ళారు. సీదా. దీదీ నన్ను మాత్రం ఇంకా అడుగుతూనే ఉంది, నా సెలవులు ఎప్పుడు అయిపోతాయని. మా ఆవిడ వచ్చిన ఆదివారాలు తల్లీకూతుళ్ళకి గుణింతాలు దిద్దిస్తాను. ఇప్పుడు ఏడ్చేది ఒక్కరే, అది పాప కాదు.

ఇక మాటిచ్చాను కాబట్టి. పాము, వాన, అగ్గిపెట్టెలు మామూలు కోతలు. కల్పించింది ఒక్కటే, ఆ రోజు కంచం ముందు చెప్పేశానన్నది. నేను చెప్పలేదు. మా ఆవిడ "మరిచిపోయుంటాను" అన్నాక పాప కంచం పక్కకి జరిపి, "నువ్వు మరిచిపోలేదమ్మా. పంచదార బుక్కులో లేదు. నాకు చదవడం రాదు. నాన్నకి తెలుసు," అంది.

అప్పుడు నేను తల వంచుకుని చేపలో ముళ్ళు ఏరుతున్నాను. సుర్మయి ముక్కకి ఉండేది నడిమి ముల్లొక్కటే. అది ఎప్పుడో తీసేశాను. అయినా ఏరుతూనే కూర్చున్నాను.