వడ్ల మీద జారిన కారు

కొత్తగా ఉద్యోగం దొరికిన ఆ రోజుల్లో వరంగల్ మొత్తం నా కారు వైపే చూస్తోందని నా నమ్మకం. ఉద్యోగం మడికొండలో. కారు మాత్రం మూడు చేతులు మారి నా దగ్గరకొచ్చింది. రంగు తెలుపని అమ్మినవాడు చెబితే నమ్మాను. ఎండాకాలమంతా బుద్ధిగానే నడిచేది గానీ, చలికాలం మంచుకు రోడ్డు తడిసిందంటే నేనొక వైపు తిప్పితే అదింకో వైపు పోయేది. టైర్లు మా పెదనాన్న బట్టతలంత నున్నగా ఉండేవి (ఆయన ముందు ఈ మాట ఎన్నడూ అనలేదు). రైల్వేలో గార్డుగా చేసి రిటైరైన మా బాపు ఆ కారెక్కితే ఒట్టు. "పట్టాలు లేని బండిని నేను నమ్మ బిడ్డా" అనేవాడు. ఆయన్ని ఒక్కసారైనా ముందు సీట్లో కూర్చోబెట్టుకుని తిప్పాలని నాకు మహా ఆశ.

అక్క ప్రధానం నాడు ఆ ముచ్చట తీరింది. ప్రధానమంటే మా క్రైస్తవుల ఇళ్లలో పెళ్లికి ముందు ఉంగరాలు మార్చుకునే వేడుక. డోర్నకల్‌లో పెళ్లికొడుకు వాళ్ల చర్చిలో పెట్టుకున్నారు. అమ్మ, అక్క ముందురోజే మామయ్య జీపులో వెళ్లారు. రైల్లో వస్తానన్న బాపు, పొగమంచుకు రైలు ఆగిపోవడంతో, కోటు జేబులో ఉంగరం పెట్టుకుని గత్యంతరం లేక నా కారెక్కాడు. దారి పొడుగునా ఆయన కుడికాలు లేని బ్రేకును తొక్కుతూనే ఉంది.

కేసముద్రం దాటాక రోడ్డు సగం మనది, సగం వడ్లది. కోతలయ్యాక అక్కడి రైతులు వడ్లు ఆరబోసేది రోడ్డు మీదే. ఎదురుగా లారీ వచ్చింది. నేను పక్కకు తిప్పి, మంచుకు తడిసిన వడ్ల మీద గట్టిగా బ్రేకు తొక్కాను. కారు గిర్రున తిరిగి వరంగల్ వైపు మొహం పెట్టి ఆగింది.

బాపు అన్నాడు, "నీ బండికి తెలివున్నదిరా. ఇంటికి మళ్లింది."

ఇంతలో వడ్లామె చీపురుతో ఉరికొచ్చింది. "కండ్లు కనవడ్తలేవా? నా వడ్లన్ని ఆగం జేస్తివి!"

బాపు దిగి, "తప్పైంది చెల్లె. మావోడు ఇప్పుడిప్పుడే నేర్చుకుంటాండు" అన్నాడు. (నాకు లైసెన్సొచ్చి ఏడాది దాటింది.)

"నేర్సుకునుటానికి నా వడ్లే దొరికినయా?"

ఇద్దరం వంగాం. కోటు విప్పకుండానే బాపు వడ్లు కుప్పకు నెడుతుంటే, నేను గడ్డిలోకి చెదిరినవి ఏరాను. సగం పనయ్యాక గానీ ప్రధానం మాట బాపు నోట బయటపడలేదు. "అయ్యో, గది ముందుగాల జెప్పొద్దా అన్నా! పోండ్రి, పిల్ల ఎదురుసూత్తాంటది" అని ఆమే మమ్మల్ని తరిమింది.

మేం చేరేదాకా పాస్టరుగారు మా కోసం ప్రార్థన సాగదీశారు (ఎవరి కోసం కాకపోయినా ఆయనది సాగేదే). ఉంగరం ఇవ్వడానికి బాపు ముందుకు నడుస్తుంటే ప్యాంటు మడతల్లోంచి వడ్లు రాలాయి. అక్క ఏడవబోయి నవ్వేసింది.

తిరుగు ప్రయాణంలో మామయ్య జీపులో జాగా ఉంది. ఇక బాపు నా కారు మొహం చూడడనుకుని, దిగులుగా తాళం తిప్పాను. పక్క తలుపు తెరుచుకుంది.

"జీపుల జాగున్నది గద బాపూ?"

"ఉంటే ఉండనీ. నువ్వొక్కనివే పోతే నాకు ఫికరైతది. జర నిమ్మళంగ పోనీ."

ఇంటిదాకా ఆయన కుడికాలు తొక్కుతూనే ఉంది.

ఇప్పుడా కారూ లేదు, బాపూ లేడు. జారని కారొకటి కొన్నాను. అయినా చలికాలంలో రోడ్డు మీద వడ్లు కనిపిస్తే నెమ్మదిస్తాను, పక్క సీటు వైపు చూస్తాను. బాపును కార్లో తిప్పుతున్నానని ఆ రోజు తెగ మురిసిపోయిన కుర్రాణ్ణి తలుచుకుంటే నవ్వొస్తుంది. వాణ్ణి ఇంటికి క్షేమంగా తీసుకొచ్చింది ఆ కుడికాలే.