యాన్బులో సోమాలీ బడి పెట్టిన ఉస్తాద్ యూసుఫ్

మొన్న ఉదయం సౌదీలోని యాన్బు నుంచి ఆయన శిష్యురాలు హోదన్ ఫోన్ చేసింది. "ఉస్తాద్ ఇక లేరు" అని అరబీలో ఒక్క మాట చెప్పి ఏడ్చింది. జగిత్యాలలో మా ఇంటి గడప దగ్గర నిలబడి ఆ మాట విన్నాను. ఆ దుర్వార్త విన్నది మొదలు మనసు మనసులో లేదు.

ఆ పుణ్యమూర్తి పేరు యూసుఫ్. సోమాలియా దేశస్థుడు, మొగదిషులో బడిపంతులు. పొట్టకూటికి యాన్బు వచ్చి, ఒక కంపెనీ స్టోరులో పెద్ద గుమస్తాగా కుదిరారు. ఆయన చేతికింద నేను పదకొండేళ్ళు పనిచేశాను. అక్కడ గురువును ఉస్తాద్ అంటారు. మేమందరం అలాగే పిలిచేవాళ్ళం.

కువైట్ యుద్ధం రోజుల్లో మా కంపెనీ కార్మికుల క్యాంపులో రేడియోల చుట్టూ జనం మూగి క్షిపణుల కబుర్లు వింటుంటే, ఉస్తాద్ మాత్రం తన రేడియోను చెవికి ఆనించుకొని మొగదిషు వార్తల కోసం వెతికేవారు. ఆ నెలలోనే ఆయన దేశంలో ప్రభుత్వం కూలింది. తాను పాఠాలు చెప్పిన బడికి గోడలైనా మిగలలేదని తెలిసిననాడు అన్నం ముట్టలేదు. మూడో రోజు నా దగ్గరకు వచ్చి, "పాత ప్లైవుడ్ ముక్క, కాస్త నల్లరంగు కావాలి" అన్నారు.

ఆ విధంగా మొదలైంది శుక్రవారం బడి. యాన్బులో పుట్టిన సోమాలీ పిల్లలకు అరబీ తప్ప సొంత భాష రాదు. నమాజు తరువాత తన గది ముందు చాప పరచి వాళ్ళకు అక్షరాలు, పలకరింపులు, ఒంటెల కథలు, పెద్దల ముందు మెలగే పద్ధతి నేర్పేవారు. కొందరు తండ్రులు విసుక్కున్నారు. "అరబీ వస్తే నౌకరీ వస్తుంది. ఇదెందుకు?" అన్నారు.

"నౌకరీకి అరబీ చాలు. అమ్మమ్మకు చాలదు" అన్నారు ఉస్తాద్.

నేనూ వెనక కూర్చొని ఆ మాటలను తెలుగు అక్షరాల్లో రాసుకునేవాణ్ణి. నా గదిలో ఉండే లచ్చయ్య నవ్వేవాడు. "నీకిదేం పుట్టిందే? ఊరికి పోయినంక ఎవలతోని మాట్లాడుతవు?" ఉస్తాద్ క్రమశిక్షణ కఠినం. ఒకసారి ఆలస్యంగా వెళ్తే, నలభై ఏళ్ళవాణ్ణని చూడకుండా నన్ను పిల్లల ముందు నిలబెట్టారు.

హోదన్‌కు అప్పుడు ఎనిమిదేళ్ళు. సోమాలియా అంతర్యుద్ధంలో ఇల్లూ కొడుకునూ పోగొట్టుకున్న ఆమె అమ్మమ్మ పడవలో యెమెన్ చేరి, అక్కణ్ణించి వీళ్ళింటికి వచ్చింది. వచ్చినప్పటి నుంచీ కూతురితో సైతం పెదవి విప్పలేదు. కంచం ముందు పెట్టుకొని గోడవంక చూసేది. ఉస్తాద్ ఆ వారమంతా హోదన్‌కు ఒకే వాక్యం నేర్పి, శుక్రవారం ఆ వృద్ధమాతను బడికి పిలిపించి తన కుర్చీలో కూర్చోబెట్టారు.

పిల్ల రెండు చేతులా గ్లాసు పట్టుకొని వెళ్ళి అడిగింది. "అయేయో, షాహ్ మ రబ్తా?" అమ్మమ్మా, టీ కావాలా అని.

ఆమె గ్లాసు అందుకుంది. "హా, అయేయో" అంది.

హోదన్ బెదిరిపోయింది. "నన్ను అమ్మమ్మా అంటోంది! నేను తప్పు పలికానా ఉస్తాద్?"

ఆయన జవాబు చెప్పేలోపే నాకొచ్చిన కొద్దిపాటి అరబీలో నేనే చెప్పాను. "తప్పు కాదు తల్లీ. మా ఊళ్ళో నా కూతుర్ని నేను అమ్మా అనే పిలుస్తాను."

ఉస్తాద్ చప్పున నావైపు తిరిగారు. "మీకూ ఉందా ఈ అలవాటు?" అంటూ వచ్చి కౌగిలించుకున్నారు. ఆ వృద్ధమాత ఆనాడు టీ తాగింది, ఖర్జూరం తిన్నది. తరువాత బతికినన్నాళ్ళూ ఆ కుర్చీ ఆమెదే. ఉస్తాద్ చాప మీదికి మారారు.

నా పాస్‌పోర్టు మీద తిరుగుప్రయాణానికి ఖురూజ్ ముద్ర పడి, దేశానికి తిరిగి వచ్చేనాడు ఆయన బస్సు దాకా వచ్చారు. "వెళ్ళేవాడు మీ భాషలో ఏమంటాడు?" అని అడిగారు.

"పోతున్న అనం ఉస్తాద్. పోయొస్త అంటం."

దాని అర్థం అరబీలో చెప్తే, ఆయన ఆ మాటను రెండుసార్లు పలికి చూసుకున్నారు. "మంచి మాట. అయితే వస్తావన్నమాట" అన్నారు.

ఇప్పుడు ఆ బడిని హోదన్ నడుపుతున్నది. తన పిల్లలూ అందులోనే చదువుతున్నారట. పరాయి గడ్డమీద పసివాళ్ళ నోట మాతృభాషను నిలిపిన ఆ మహామనీషికి సాటి రాగలవారిని నేనెరుగను. ఆయన చరణాలకు నా ప్రణామాలు. పోయొస్తానని చెప్పి వచ్చాను. ఆయన నమ్మారు. నేను మళ్ళీ పోలేదు.