బావగారి మెయిలుకి ఒక గుర్తు

అక్క ఆపరేషన్ వెనక్కి పోయింది నేను మెయిల్లో రాసిన రూలు వల్లనేనని మావాళ్ళు ఇప్పటికీ చెప్పుకుంటారు. "సదువుకున్నది కదా, బావగారి మెయిళ్ళు కంటపడకుండా తాళమేసింది" అని మా రైల్వే ట్రాఫిక్ కాలనీలో కూరగాయల బండి దగ్గర కూడా విన్నాను. తాళం వేసిన మాట నిజం. అది ఆయన మీద పొగరుతో వేశాననడం మాత్రం శుద్ధ అబద్ధం.

అక్క అంటే నా తోడికోడలు. మా క్వార్టర్‌లో అక్కా బావగారూ, మావారూ నేనూ ఉంటాం. నలుగురికీ కలిపి మెయిల్ ఐడీ ఒక్కటే. గ్యాస్ కనెక్షన్ కోసం మావారు ఎప్పుడో తెరిచారు, నలుగురి ఫోన్లలోనూ అదే. బావగారు వర్క్‌షాపులో పనిచేసి రిటైరయ్యారు. అక్కడ ఏ కాయితం బయటికెళ్ళినా ఆఫీసు కాపీ ఒకటి ఉండి తీరాలి. ఆ అలవాటునే మెయిల్లోకీ తెచ్చారు. పెన్షన్ వార్త గానీ, మోకాళ్ళ నొప్పికి కషాయం గానీ స్నేహితులకి ఫార్వర్డ్ చేస్తే, ఒక కాపీ మళ్ళీ మా ఐడీకే పంపుకునేవారు. కరెంటు బిల్లులు, నేను పాఠాలు చెప్పే స్కూలు వాళ్ళ ఉత్తరువులు, అక్క ఆసుపత్రి తారీఖులు అన్నీ ఆ వరదలో పడి కొట్టుకుపోయేవి. ఒకసారి అక్క స్కానింగు తారీఖు అలాగే దాటిపోయింది.

ఆరోజే కూర్చుని రెండు రూల్స్ రాశాను. ఫార్వర్డ్ అయి వచ్చేవన్నీ ఒక ఫోల్డర్లోకి. మా ఐడీ నుంచి మా ఐడీకే వచ్చేవి ఇంకో ఫోల్డర్లోకి, చప్పుడు లేకుండా. "మీ అన్నయ్యకి చెప్పండి" అన్నాను మావారితో. "ఠీక్ హై" అన్నారు. ఆ ఠీక్ హై మా గది గడప దాటలేదు.

నువ్వే చెప్పొచ్చు కదా అంటారు. ఎలా చెప్పను? పెళ్ళయి పాతికేళ్ళు దాటినా బావగారు నాతో నేరుగా ఒక్క మాటాడలేదు. తమ్ముడి భార్యతో మాట్లాడకపోవడం ఆయన లెక్కలో మర్యాద. వంటింటి కర్టెన్ వైపు చూసి "కాఫీ ఉందేమో సూడమను" అంటారు. ఎవరిని చూడమనమంటున్నారో, ఎవరితో అంటున్నారో ఆ కర్టెన్‌కే తెలియాలి. పక్క క్వార్టర్ బెంగాలీ దీదీకి ఇదేమీ వింత కాదు, వాళ్ళలోనూ ఆ పట్టింపు ఉంది. నాకే ఒళ్ళు మండేది.

అక్కకి పిత్తాశయంలో రాళ్ళు. కలకత్తాలో పెద్దాసుపత్రిలో చేర్చారు. బావగారు తోడున్నారు. స్కూల్లో పరీక్షలని నేను ఇక్కడే ఉండిపోయాను. ఆపరేషన్ రోజు పొద్దున్న డాక్టరు పాత స్కాన్ రిపోర్టు అడిగారట. బావగారు తమ్ముడికి ఫోన్ చేశారు. మావారు గూడ్సు బండి నడిపే లోకో పైలట్, డ్యూటీలో ఫోన్ ఆపేసి ఉంటుంది. అప్పుడాయన నాకు ఫోన్ చెయ్యలేదు. మెయిల్ పెట్టారు. మా ఐడీ నుంచి మా ఐడీకి. నా రూలు దాన్ని బుద్ధిగా తీసుకెళ్ళి ఫోల్డర్లో పెట్టేసింది.

సాయంత్రం అక్క ఫోన్ చేసింది, నీరసంగా.

"ఏటే పిల్లా, రిపోర్టు పంపనేదేటి? పస్తుండబెట్టి, ఆకరికి ఈవేళ కాదు పొమ్మన్నారు."

"ఏ రిపోర్టక్కా?"

"మీ బావగారు మెయిలు పెట్టినారు కదేటి!"

వెతికితే దొరికింది. "పాత స్కాన్ రిపోర్టు వెంటనే పంపవలెను." ఎవరు పంపవలెనో లేదు. ఫొటో తీసి అప్పుడే పంపాను.

మావారు డ్యూటీ దిగి రాగానే మొదలుపెట్టారు. "ఏటి సేసినావు నువ్వు? నీ రూలు వల్ల వదిన ఆపరేషన్ ఆగిపోయింది."

"నాకొక ఫోన్ చేస్తే ఏం పోయేది?"

"నీకా? అన్నయ్యా?" అన్నారు, సిగ్నల్ లేకుండా బండి తియ్యమన్నట్టు చూసి.

రూలు తీసెయ్యమన్నారు. తీసేస్తే ఆసుపత్రి కబురు మళ్ళీ వరదలో పడుతుంది. వార్డు బయట బెంచీ మీద కూర్చుని కూడా బావగారు కషాయాలు ఫార్వర్డ్ చేస్తూనే ఉన్నారు. పాపం, ఆ దిగులుకి మనిషి ఇంకేం చేస్తాడు? దారి ఒకటే. నాకు చెప్పదలిచిన మెయిలుకి సబ్జెక్టులో ఒక మాట పెట్టాలి. ఆ మాట ఉన్నదాన్ని వదిలెయ్యమని రూలుకి చెప్పాలి. అక్కకి ఫోన్ చేశాను.

"సబ్జెక్టులో నా పేరు రాయమనక్కా."

"తమ్ముడి పెళ్ళాం పేరు రాస్తారేటే!"

"పోనీ మరదలని రాయమను."

"సిగ్గుతో సస్తారు."

"కోడలని?"

"నువ్వు మీ అత్తకి కోడలివి, ఆయనకి కాదు."

"మరి ఇన్నాళ్ళూ నన్నేమని పిలిచారు?"

ఏమనీ పిలవలేదు. రూలులో మాట రాయాల్సిన గడి నా ముందు ఖాళీగా ఉంది.

మర్నాడు స్కూలుకి బయల్దేరుతూ ఫోల్డర్ నేనే తెరిచి చూశాను. కొత్త మెయిల్. సబ్జెక్టులో "అమ్మా" అని ఉంది. లోపల "రేపు ఉదయం ఆపరేషన్. రిపోర్టు అందినది." నిలబడ్డచోటే ఆ మాటని గడిలో రాశాను. తర్వాతి రోజు పరీక్ష హాల్లో ఉండగా ఫోన్లో మెయిల్ మోగింది. "అమ్మా. అయిపోయింది. కళ్ళు తెరిచింది. నిన్ను అడిగింది." వలెనులు లేవు. పిల్లలు తలలెత్తి చూస్తున్నారని కిటికీ వైపు తిరిగి నిలబడ్డాను.

అక్క ఇంటికొచ్చి తిరుగుతోంది. బావగారు ఇప్పటికీ కర్టెన్‌తోనే మాట్లాడతారు, ఊళ్ళోవాళ్ళు ఇప్పటికీ నా రూలునే తిడతారు. తిట్టనీ. నా బాధ వేరు. మా మెయిళ్ళన్నీ ఒకే ఐడీ నుంచి వెళ్తాయి, ఏది ఎవరు రాశారో పెట్టె చెప్పదు. ఆ మొదటి "అమ్మా" మెయిలు గురించి అక్కని అడిగితే పొట్ట పట్టుకుని నవ్వింది. "కుట్లు లాగుతున్నాయే, నవ్వించకు" అంది తప్ప చెప్పలేదు. ఆయన్ని నేను అడగలేను కదా.

ఇంతకీ ఆ "అమ్మా" బావగారు తనంతట తాను రాసిందా, మంచం మీంచి అక్క రాయించిందా?